నూట పన్నెండో పేజీ

ఆ పేజీ దగ్గర నేనూ ఏడ్చాను. అంటే, ఏడ్చానని రాశాను. మా సాయంత్రం కాలేజీలో అమెరికన్ సాహిత్యం పేపరు తీసుకున్న నలభై మూడు మందిలో నలభై రెండు మందిమి అదే పేజీ దగ్గర, అదే వాక్యంలో, అదే చోట కామా పెట్టి మరీ ఏడ్చాం. ఏడవని ఆ ఒక్క మనిషి గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. తలుచుకుంటే ఈ రోజుకీ ఒళ్ళు మండుతుంది. మధ్యలో గొంతు పెరిగితే మీరే సర్దుకోవాలి.

ఆవిడని ఆసుపత్రిలో చీటీ అక్క అంటారు. పెద్దాసుపత్రి లాండ్రీలో పంతొమ్మిదేళ్ళుగా పని చేస్తోంది. లాండ్రీ అంటే నేలకింద గది. మందుల గోదాము పక్కన మెట్లు దిగితే ముందు వేడి మొహాన కొడుతుంది, తర్వాత వాసన. ఒక పక్క మురికి గుడ్డల ట్రాలీలు, మధ్యలో రెండు ఉతికే యంత్రాలు, ఆ చివర మనిషి పొడవున్న ఇస్త్రీ రోలరు. రోలరు దగ్గర ఇద్దరు నిలబడి దుప్పటి అంచులు పట్టుకుని లోపలికి అందించాలి. ఒకరు ఒక్క క్షణం ఆలస్యం చేస్తే దుప్పటి వంకర పోతుంది, వేళ్ళు కాలుతాయి. అక్క కుడిచేతి మీద మోచేతి దాకా ఎప్పుడో కాలిన గుర్తులు మచ్చలు మచ్చలుగా ఉంటాయి. వాటి గురించి అడిగితే విసుక్కుంటుంది.

చీటీ అన్న పేరు ఊరికే రాలేదు. వార్డుల నుంచి నర్సులు ఉతికిన గుడ్డల్ని తిప్పి పంపేస్తుంటారు. ఇది బాగాలేదు, మళ్ళీ ఉతకండి అని ట్రాలీలో పడేసి పోతారు. ఏం బాగాలేదో చెప్పరు. ఒకసారి అక్కకి చిర్రెత్తుకొచ్చి, తిరిగొచ్చిన ప్రతి గుడ్డకీ ఒక చీటీ ఉండాలని పట్టుబట్టింది. మరకా, చిరుగా, తడా, ఏదో ఒకటి రాసి కింద సంతకం పెట్టాలి. చీటీ లేని గుడ్డని అలాగే వార్డుకి పంపేసేది. మొదట్లో హెడ్ నర్సులు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. తర్వాత చూస్తే తిరిగొచ్చే గుడ్డలు సగానికి పడిపోయాయి. కారణం రాయమనేసరికి చాలా వాటికి కారణం లేదని వాళ్ళకే తెలిసొచ్చింది. అప్పటినుంచి అది ఆసుపత్రి మొత్తానికీ పద్ధతైపోయింది.

ఇంత తెలిసిన మనిషిని ఇన్‌ఛార్జిని చేయరు. ఎందుకంటే డిగ్రీ లేదు. అప్పుడున్న ఇన్‌ఛార్జికి డిగ్రీ ఉంది. చేరిన మొదటి వారమే రక్తం మరకలున్న గుడ్డలన్నీ సలసల కాగే నీళ్ళలో వేయించిన ఘనుడాయన. వేడి తగిలితే రక్తం గుడ్డని పట్టేసుకుంటుంది, ఇక జన్మలో వదలదు. ముందు చన్నీళ్ళలో నానబెట్టాలని లాండ్రీలో నిన్న చేరినవాడికి కూడా తెలుసు. అక్క చెప్పబోతే, "నువ్వు చెప్తే నేను వినాలా?" అన్నాడట. రెండొందల గుడ్డలు పాడయ్యాయి. తప్పు మాత్రం యంత్రం మీదకి నెట్టేశారు.

ఆ రోజే అక్క సాయంత్రం కాలేజీలో ఫారం నింపింది. నలభై దాటిన వయసులో. వాళ్ళాయన బడి వ్యాను నడుపుతాడు. "పిల్లల్ని దింపుతున్నాను కదా, నిన్ను కూడా దింపేస్తాలే" అని వేళాకోళమాడాడు కానీ, మూడేళ్ళూ రోజూ ఆయనే దింపాడు. చివరి ఏడాది చివరి పేపరు అమెరికన్ సాహిత్యం. అది పాసైతే డిగ్రీ. జూన్‌లో ఆ వేడినీళ్ళ మహానుభావుడు రిటైరవుతాడు. అప్పటికి డిగ్రీ కాగితం చేతిలో ఉంటే ఆ కుర్చీ అక్కది. లేకపోతే బయటినుంచి ఇంకో వేడినీళ్ళవాడు వస్తాడు. అక్క బతుకంతా ఆ ఒక్క పేపరు మీద ఆగి ఉంది.

ఇక నా సంగతి. కాలేజీ గేటు పక్కన మా బాబాయి జిరాక్సు దుకాణం ఉంది. పగలంతా నేను అందులో యంత్రం నడుపుతాను, ఆరింటికి షట్టరు సగం దించి క్లాసుకి పోతాను. కాలేజీలో ఎవరు ఏం చదువుతారో లెక్చరర్ల కన్నా నాకే బాగా తెలుసు. ఎవరూ ఏమీ చదవరు. అందరూ నా దగ్గరికొస్తారు.

అమెరికన్ సాహిత్యం పేపర్లో స్పందన పుస్తకం అని ఒకటుంది. పాఠంగా పెట్టిన నవల చదివి, చదువుతున్నప్పుడు నీకేమనిపించిందో నోటుపుస్తకంలో రాయాలి. ఇరవై అయిదు మార్కులు. అందులో కనీసం పది రాకపోతే పేపరు మొత్తం పోయినట్టే. ఆలోచన మంచిదే, ఎవరు పెట్టారో గానీ. కానీ పదకొండేళ్ళ కిందట ఎవరో ఒక అమ్మాయి నల్లట్ట పుస్తకంలో చక్కగా రాసి ఇరవై రెండు తెచ్చుకుంది. ఆ నల్లట్ట మా దుకాణంలో చేరింది. అప్పటినుంచి ఏటా ఆ అమ్మాయికి అనిపించినవే అందరికీ అనిపిస్తూ వచ్చాయి. ఆవిడ ఏడ్చిన చోట ఏడ్చాం, నిట్టూర్చిన చోట నిట్టూర్చాం. "నూట పన్నెండో పేజీ చదువుతుండగా నా కళ్ళు చెమ్మగిల్లాయి, కాసేపు పుస్తకం మూసి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను" అన్న వాక్యాన్ని నా చేతుల్తో ఎన్ని వందల కాపీలు తీశానో చెప్పుకుంటే సిగ్గుచేటు. మా దుకాణానికి కిటికీయే లేదు. అయినా నేను కూడా అందులోంచి చూశాను.

దిద్దేది మార్జిన్ సారు. మార్జిన్ గీయకపోతే పుస్తకం మొహాన కొడతాడని ఆ పేరు. మూడు కాలేజీల్లో పాఠాలు చెప్తాడు, మూడొందల పుస్తకాలు దిద్దుతాడు. చదివి దిద్దడం మనిషన్నవాడి వల్ల కాదు, అది ఒప్పుకుంటాను. అందుకని ఆయనో ఉపాయం కనిపెట్టాడు. పుస్తకం తీసి నూట పన్నెండో పేజీ మాట కనిపిస్తుందా అని చూసుకుంటాడు. కనిపిస్తే టిక్కు. పిల్లవాడు నవల చదివాడనడానికి ఆయన దృష్టిలో అదే సాక్ష్యం.

అక్క నవల కొనుక్కుంది. మా క్లాసులో కొన్నది ఆవిడొక్కతే. నూరేళ్ళు దాటిన నవల, మన భాషలోకి ఎప్పుడో వచ్చింది. మంచు కురిసే పెద్ద మైదానం, అందులో వేల ఎకరాల ఆసామి, ఆయన భార్య, ఒక చిన్న కూతురు, ఒక గుర్రం. ఆసామికి విషజ్వరం వస్తుంది. నాలుగు నెలలు మంచం దిగడు. భార్య పక్కనుంచి కదలదు. ఆవిడ ఓర్పుని రచయిత యాభై పేజీలు పొగుడుతాడు. తర్వాత కూతురికి అదే జ్వరం వచ్చి పోతుంది. నల్లట్ట అమ్మాయి ఏడ్చింది అక్కడే.

తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళేముందు వంటగదిలో కూర్చుని అక్క ఆ నవలని పైకి చదివేది. పైకి ఎందుకంటే, వాళ్ళత్త ఆ వేళకి కూరలు తరుగుతూ ఉంటుంది, ఆవిడకి చదువు రాదు, కథంటే చెవి కోసుకుంటుంది. ఆసామి జ్వరంతో పడుకున్న మూడో నెల నడుస్తోంది. ఆయన చెమటలు, వాంతులు, పలవరింతలు, భార్య కన్నీళ్ళు, "మంచులా తెల్లటి దుప్పటి మీద ఆయన చెయ్యి" అని చదువుతుంటే, అత్త కత్తి ఆపింది.

"ఆగవే. అంత జ్వరపు మనిషి కింద దుప్పటి తెల్లగా ఎలా ఉంది? ఎవరు మారుస్తున్నారు?"

"భార్య మారుస్తోందేమో అత్తా."

"మార్చింది సరే, ఉతికిందెవరు? బయట మంచన్నావుగా. నీళ్ళెక్కడివి? ఎండెక్కడిది? ఎలా ఆరాయి?"

అక్క పుస్తకం మూసేసింది. పంతొమ్మిదేళ్ళు రోగుల దుప్పట్ల మధ్య బతికిన తనకి రావాల్సిన ప్రశ్న అత్త అడిగేసరికి ఆవిడకి తల కొట్టేసినట్టయిందట. మర్నాడు నవల మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి ఉతికే మనిషిని వెతుక్కుంటూ. నాలుగొందల పేజీల పుస్తకంలో ఆ మనిషి రెండు చోట్ల దొరికింది. ఒకచోట "ఉతికిన దుప్పట్లు ఎప్పటిలాగే తలుపు దగ్గర ఉన్నాయి" అని ఉంది. మనిషి లేదు, దుప్పట్లే ఉన్నాయి. ఇంకోచోట, కూతురు పోయాక, ఖర్చులు తగ్గించే వాక్యంలో సగం: "ఉతికే ఆమెను మాన్పించి". అంతే. గుర్రం చచ్చిపోతే మాత్రం మూడు పేజీలు.

అక్క స్పందన పుస్తకం దాని గురించే. కాగితాలకి కుట్లు వేయించడానికి నా దగ్గరికి తెచ్చింది. వచ్చిన కాగితం చదవకుండా యంత్రంలో పెట్టడం నాకలవాటు, కానీ ఆ రోజు కరెంటు లేదు. ఊరికే కూర్చోలేక చదివాను. ఆ రాతలో కొంత ఇలా ఉంది.

"నాకు ఈ నవల చదివి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. చలి దేశంలో నాలుగు నెలలు జ్వరపు మనిషికి రోజుకి రెండు దుప్పట్లు చొప్పున ఉతికితే ఎన్నయ్యాయో రచయితకి తెలియదు, నాకు తెలుసు. గడ్డ కట్టిన నీళ్ళని పగలగొట్టి మోయాలి. మరగబెట్టాలి. ఉతికింది బయట వేస్తే ఆరదు, కర్రలా బిగుసుకుంటుంది. లోపలికి తెచ్చి పొయ్యి పక్కన మళ్ళీ ఆరబెట్టాలి. ఆ పని చేసేవాళ్ళ చేతులు ఎలా పగులుతాయో నేను చెప్పగలను. పైగా అది అంటుకునే జ్వరం. ఆసామి కూతురికి అంటుకుందని రాశారు. రోజూ ఆ చెమట గుడ్డలు చేత్తో పిండిన మనిషికి అంటుకుందో లేదో రాయలేదు. ఆమెకి పిల్లలున్నారో లేదో రాయలేదు. భార్య ఓర్పు గొప్పదే, నేను కాదనను. కానీ ఆ ఓర్పుకి తెల్లటి దుప్పటి కావాల్సి వచ్చింది. రచయితకి కళ్ళు లేవని నేను అనను. గుర్రం కళ్ళలో నీళ్ళు చూడగలిగినవాడికి తలుపు దగ్గర దుప్పట్లు పెట్టి వెళ్ళిన మనిషి కనపడకపోవడం చూపులో లోపం కాదు. చూడక్కర్లేదనుకున్నాడు, అంతే."

చదివి నేను కాసేపు అలాగే ఉండిపోయాను. ఈసారి నిజంగానే. కానీ నా బుద్ధి ఎక్కడికి పోతుంది? అక్క వచ్చాక నేను మొదట అన్న మాట ఇది: "అక్కా, దీనికి మార్కులు రావు. నల్లట్ట ఇస్తాను, రెండు రోజుల్లో రాసేసుకో."

"చదివింది నేను కదే. ఎప్పుడో ఎవరో పిల్ల ఏడ్చిన ఏడుపు నేనెందుకు ఏడవాలి?"

"అందరం ఏడ్చాం అక్కా."

"అందరూ చదివారా?"

కుట్లు వేసి ఇచ్చాను.

పది రోజుల తర్వాత మార్జిన్ సారు దిద్దిన పుస్తకాలు పట్టుకుని క్లాసుకి వచ్చాడు. ఒక్కొక్కటే పంచాడు. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై. నాకు ఇరవై రెండు. అక్క పుస్తకం మాత్రం బల్ల మీద విడిగా పెట్టి, కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"ఇదేంటమ్మా? లాండ్రీ గురించి వ్యాసం రాయమన్నానా?"

క్లాసు నవ్వింది. నేను కూడా నవ్వానేమో, గుర్తు లేదు. నవ్వకపోయినా ఆ నవ్వుని ఆపలేదు, రెండూ ఒకటే.

"నవల గురించే రాశాను సార్," అంది అక్క.

"నవల గురించా? నవలకి ప్రాణం లాంటి ఘట్టం నూట పన్నెండో పేజీ. దాని ఊసే లేదు. నువ్వు పుస్తకం చదవలేదని తెలిసిపోతోంది."

అక్కడ నాకు ఒళ్ళు మండిపోయింది. క్లాసు మొత్తంలో పుస్తకం చదివింది ఆవిడొక్కతే! ఆ మాట అనడానికి నోరు తెరిచాను కానీ, తెరిస్తే ముందు నా నల్లట్టే బయటపడుతుంది. మూసుకున్నాను. నా మీద నాకున్న మంట ఆ నోరు మూసుకున్న దగ్గర మొదలైంది.

అక్క సంచిలోంచి నవల తీసింది. మెల్లగా పేజీలు తిప్పి, లేచి వెళ్ళి సారు ముందు పెట్టింది. "నూట పన్నెండు ఇదే సార్. ఇందులో ఏడవడానికేం లేదు. కంచెకి గుంజలు పాతుతున్నారు. గుంత ఎంత లోతు ఉండాలో ఉంది."

సారు చూశాడు. ముందు పేజీ చూశాడు, తర్వాత పేజీ చూశాడు. గుంజలే. పిల్ల చచ్చిపోయేది నూట ముప్ఫై తొమ్మిదిలో ఉంది. సంగతేమిటంటే, మూడేళ్ళ కిందట ఆ నవలని పెద్దక్షరాలతో మళ్ళీ అచ్చు వేశారు. పేజీలన్నీ వెనక్కి జరిగాయి. మేం మాత్రం జరగలేదు. మూడేళ్ళుగా ఏటా నలభై మందికి పైగా, కంచె గుంజలు చూసి కళ్ళు చెమ్మగిల్లి, పుస్తకం మూసి కిటికీలోంచి చూస్తూ ఉండిపోతున్నారు. మూడేళ్ళుగా సారు వాటికి టిక్కులు పెడుతున్నాడు.

పోనీ, ఇక్కడైనా మనిషి ఒక్క మాట, "పొరపాటైందమ్మా" అంటాడనుకున్నాను. ఆ మాటకి నోరు రాలేదు. పుస్తకం మూసి అక్క చేతిలో పెట్టి, "పేజీ ఏదైతేనేం? పరీక్షకి ఏం కావాలో అది రాయాలి. స్పందనంటే మన ఇంటి గొడవలు కాదు. శుక్రవారానికల్లా మళ్ళీ రాసి తీసుకురా, లేదంటే సున్నా వేయాల్సొస్తుంది" అన్నాడు. నలభై రెండు గుంజల ఏడుపులకి వేసిన ఇరవైలూ ఇరవై ఒకట్లూ మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని ఎవరూ దిద్దలేదు.

ఆ మూడు రోజులూ నేను అక్క వెంటపడ్డాను. "ఒక్క రోజు పని అక్కా. రాసి పారేయ్. కుర్చీ వచ్చాక నీ ఇష్టం వచ్చినట్టు కోప్పడు." వాళ్ళాయన కూడా అదే అన్నాడట. వాళ్ళత్త ఒక్కతే, "దుప్పట్ల సంగతి తీసేసి రాస్తావా?" అని అడిగి, కూరల బుట్ట తీసుకుని వెళ్ళిపోయిందట. ఆ రాత్రుళ్ళు అక్క సరిగ్గా పడుకోలేదని వాళ్ళాయన చెప్పాడు. నల్లట్ట కాపీ ఒకటి నేను బలవంతాన సంచిలో పెట్టాను. దాన్ని తీసి అవతల పారేయలేదు కూడా. కుర్చీ అంటే ఆవిడకి ఆశ లేదని కాదు. చాలా ఉంది.

శుక్రవారం నాడు సారు గదికి ప్రశ్నపత్రాల కట్టలివ్వడానికి నేను వెళ్ళినప్పుడే అక్క వచ్చింది. బల్ల మీద పుస్తకం పెట్టింది. అదే పుస్తకం, నేను వేసిన అవే కుట్లు. సారు తిరగేసి చూశాడు.

"ఒక్క ముక్క మార్చలేదేం?"

"మార్చలేదు సార్. సున్నా వేస్తానంటే వేయండి. నేనేం గొడవ పడను." అక్క పుస్తకాన్ని ఆయన ముందుకి జరిపింది. "కానీ ఎందుకు వేశారో దీని మీదే రాసి, కింద సంతకం పెట్టివ్వండి."

"రాయడమేంటి? ఇదేమైనా ఆసుపత్రా?"

"ఆసుపత్రిలో దుప్పటి తిప్పి పంపినా రాసిస్తారు సార్. మరకైతే మరకని, చిరుగైతే చిరుగని. నేను మూడు నెలలు చదివి రాసింది తిప్పి పంపుతున్నారు. ఇందులో మరకేదో రాయండి. నేను తీసుకుపోయి ఉతుక్కుంటాను."

సారు ఎర్రకలం మూత తీశాడు. చివరి పేజీ తిప్పాడు. "నవల చదివినట్టు" అని రాసి ఆగాడు. చదివినట్టు లేదని రాయలేడు, నిలువునా సాక్ష్యం ఎదురుగా ఉంది. నూట పన్నెండో పేజీ ప్రస్తావన లేదని రాస్తే, పై నుంచి ఎవరైనా నవల తెరిస్తే గుంజలుంటాయి. నవలతో సంబంధం లేదని రాద్దామంటే, రాతలో ప్రతి వాక్యానికీ అక్క పేజీ నంబరు వేసింది, కొత్త అచ్చువి. పెన్ను గాల్లోనే ఉంది. నేను కట్టలు లెక్కపెడుతున్నట్టు నటిస్తూ అక్కడే నిలబడ్డాను. ఆయన నీళ్ళు నములుతుంటే చూడ్డానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

చివరికి రాసిన రెండు మాటలు కొట్టేశాడు. పక్కన పది అని వేశాడు. పాసు మార్కు. పదికి మాత్రం కారణం రాయనక్కర్లేదు కదా! తక్కువ వేయడానికి దమ్ము లేదు, ఎక్కువ వేయడానికి మనసు రాలేదు. కంచె గుంజలకి ఇరవై రెండు, మనిషికి పది. అక్క ఆ అంకె వైపు కాసేపు చూసింది. "సరే సార్" అని బయటికొచ్చింది. మెట్ల దగ్గర గోడకానుకుని నిలబడి, చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "పాసే కదే?" అని నన్ను రెండుసార్లు అడిగింది.

పాసే. డిగ్రీ వచ్చింది. జూన్‌లో కుర్చీ వచ్చింది. మొదటి రోజే చన్నీళ్ళ తొట్టి ఒకటి కొత్తగా కట్టించింది. ఇక్కడితో ఆపేస్తే అందరం సంతోషంగా ఇంటికి పోవచ్చు. కానీ ఇంకొంచెం ఉంది.

మరుసటి ఏడాది పుస్తకాల కాలంలో మార్జిన్ సారు స్వయంగా మా దుకాణానికి వచ్చాడు. అంతకుముందెప్పుడూ రాలేదు. చేతిలో అక్క స్పందన పుస్తకం. దిద్దినవన్నీ మార్కులు చూపించాక వెనక్కి తీసుకుని కాలేజీలోనే ఉంచేసుకుంటారు. "ఆ పాత నల్లట్ట ఇక తీయకు. పేజీలు కలవడం లేదు. దీన్ని నలభై సెట్లు తీయి, పిల్లలకి నమూనాగా ఉంటుంది" అన్నాడు. పైగా, "అసలైన స్పందనంటే ఇలా ఉండాలి. గుండెలోంచి వచ్చింది" అని కూడా అన్నాడు. గుండెలోంచి వచ్చినదానికి పదేనా సార్ అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. బాబాయి వెనకే ఉన్నాడు, కాలేజీ పని పోతే దుకాణం మూసుకోవాలి. ఇలాంటి కారణాలు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఎవరూ చీటీ అడగరు కాబట్టి సరిపోతుంది. చివరి పేజీలో ఉన్న ఆ పది మీద తెల్లకాగితం ముక్క పెట్టి కాపీ తీయమన్నాడు. అలాగే తీశాను.

యంత్రం నడుస్తుండగా అక్క వచ్చింది. కొత్త ఉద్యోగపు ఉత్తర్వు కాపీలు కావాలి. బాగా ఒళ్ళు చేసింది, మొహం కళకళలాడుతోంది. "ఏమే, టీ తాగావా?" అంటూ బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. నేను లేచి యంత్రానికి అడ్డం నిలబడ్డాను. అంతలో కొత్త బ్యాచీ అమ్మాయి ఒకతి, అప్పుడే తీసుకెళ్ళిన సెట్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, ఒక చిన్న డౌటు. ఇందులో 'మా అత్త అడిగింది' అని ఉంది. నాకింకా పెళ్ళి కాలేదు. అత్త తీసేసి అమ్మ అని పెడితే సార్ మార్కులు కోస్తారా?"

అక్క చెయ్యి చాచి ఆ కాగితాలు తీసుకుంది. తన అక్షరాలే. మొదటి పేజీ చూసింది, రెండోది చూసింది. చివరి పేజీ తిప్పి, అంకె ఉండాల్సిన చోట తెల్లగా ఉండడం చూసింది. ఆ అమ్మాయి వైపు తిరిగింది.

"పుస్తకం చదివావామ్మా?"

"ఏ పుస్తకం?" అంది ఆ అమ్మాయి. పొగరుగా కాదు, అమాయకంగానే.

అక్క మొహం జేవురించింది. నన్ను చూసింది.

"ఎన్ని తీశావే?"

"ముప్ఫై ఎనిమిదక్కా."

"వాళ్ళంటే చదవరు. సారంటే చదవడు. నువ్వు చదివావు కదే ఇది! కరెంటు పోయిన రోజు కూర్చుని మొత్తం చదివానని నువ్వే చెప్పావు నాకు. చదివి కూడా తీశావా?"

బాబాయి సంగతీ దుకాణం సంగతీ నోటిదాకా వచ్చి, ఆవిడ మొహం చూసి వెనక్కి పోయాయి. అక్క తన పుస్తకాన్ని యంత్రం మీంచి తీసుకుంది. ఉత్తర్వు కాపీలు అడగడం మర్చిపోయి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి ఇంకా బల్ల దగ్గరే నిలబడి ఉంది. అక్క వెళ్ళినవైపు ఒకసారి చూసి, నావైపు తిరిగి, "అయితే అత్త అనే ఉంచేయనా అక్కా?" అని అడిగింది.